పురుడూ కాదు, సూతకమూ కాదు

ధర్మవరంలో ఆ మగ్గాల వీధివాళ్లు తమ కోడళ్లకు బుద్ధి చెప్పాలనుకుంటే హనుమంతమ్మ ఇంటిని చూపించేవారు. "ఆ ఇంట్లో ఒక్కరోజన్నా అరుపు వినపడిందా?" అనేవారు. నిజమే, వినపడేది కాదు. అత్త వాకిలి ఊడిస్తే కోడలు ముగ్గు వేసేది. కోడలు తలంటుకుంటే అత్త సాంబ్రాణి పొగ పట్టేది. కోడలు చంద్రిక ఆమెను ఏనాడూ 'అత్తా' అని పిలవలేదు, 'అవ్వా' అనే పిలిచేది. హనుమంతమ్మ ఆమెకు అత్త కాకముందే అవ్వ, కన్నతల్లికి తల్లి. హనుమంతమ్మ కూతురు రామలక్ష్మమ్మను సోమందేపల్లెకు ఇచ్చారు. ఆ రామలక్ష్మమ్మ పెద్దబిడ్డే చంద్రిక. చంద్రికను హనుమంతమ్మ తన పెద్దకొడుకు చంద్రమోహన్‌కు చేసుకుంది. మేనమామ ఇంటికి పోయిన పిల్లకు ఏం కొదవ అని రెండు ఊళ్లలోనూ అనుకున్నారు.

ఆ అన్యోన్యత నటన కాదు. ఇది చదివేవారు ఆ సంగతి మరవకూడదు. ఈ కథలో దుర్మార్గులెవరూ లేరు. ఒకరంటే ఒకరికి ప్రాణమైన మనుషులే ఉన్నారు. జరిగిన కీడంతా ఆ ప్రేమతోనే జరిగింది.

ఇంటి నడుమ మగ్గం. గుంతలో కాళ్లు పెట్టుకొని చంద్రమోహన్ పట్టుచీర నేసేవాడు. పక్కన రాట్నం ముందు కూర్చొని చంద్రిక కండెలు చుట్టేది. ఇద్దరికీ మధ్య బొంత మీద వాళ్ల బిడ్డ సువర్ణ పడుకొని ఉండేది. ఏడేళ్ల పిల్ల. తల మాత్రం ఏడాది బిడ్డ తలంత. కూర్చోలేదు, మాట రాదు. ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి ఒళ్లంతా బిగుసుకుపోతుంది. అన్నం మెత్తగా పిసికి వేలితో కొంచెం కొంచెంగా నోట్లో పెట్టాలి. తొందరపడితే గొంతుకు అడ్డం పడుతుంది. ఆ ఊళ్లో కుళాయికి నీళ్లు వచ్చేదే తక్కువ, వచ్చిన నీళ్లలో సగం సువర్ణ గుడ్డలు ఉతకడానికే అయిపోయేవి. అయినా మగ్గం ఆడుతుంటే ఆ చప్పుడుకు సువర్ణ నవ్వేది. చంద్రిక గొంతు వినపడితే కళ్లు అటు తిప్పేది. అంతకు మించి ఆ పిల్ల చేయగలిగినది లేదు. చంద్రిక అంతకు మించి అడగడం ఎప్పుడో మానేసింది.

సువర్ణ ఇలా ఎందుకు పుట్టిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కనీసం తెలుసని అనుకునేవారు. కడుపుతో ఉన్నప్పుడు చంద్రిక గ్రహణం పూట తెలియక వంకాయ కోసింది. హనుమంతమ్మ ఆ మాట ఒక్కసారే అంది, అదీ ఏడుస్తూ. చంద్రిక మాత్రం ఆ మాటను ఏడేళ్లు మోసింది. బిడ్డకు ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ తన చేతుల వైపు చూసుకునేది.

అందుకే రెండోసారి నెల తప్పినప్పుడు ఆమె ఎన్నో జాగ్రత్తలు తీసుకుంది. గ్రహణం రోజున తలుపులు మూసుకొని కదలకుండా పడుకుంది. ఎవరు ఏ దేవరకు మొక్కమంటే ఆ దేవరకు మొక్కింది. ఐదో నెలలో స్కానింగ్ చేయించడానికి భర్తతో కలిసి అనంతపురం పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు, ఈసారి తన వైపు నుంచి ఏ తప్పూ జరగలేదనే ధైర్యం ఆమె ముఖంలో కనిపించింది.

అక్కడి డాక్టరు పేరు షాహిస్తా. నడివయసు మనిషి, నెమ్మదైన మాట. స్కానింగ్ చేసినవాళ్లు రాసి పంపింది చదివి, తానే ఇంకోసారి చూసి, ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"మీరిద్దరూ బంధువులా?" అని అడిగింది.

"మా మామే మేడం. మా అమ్మకు సొంత తమ్ముడు," అంది చంద్రిక, కొంచెం గర్వంగానే.

డాక్టరు స్కానింగ్ కాగితం వాళ్ల వైపు తిప్పింది. తర్వాత చెప్పింది. కడుపులో బిడ్డ తల పెరగాల్సినంత పెరగలేదు. మెదడు కూడా అంతే. మొదటి పాపకు ఉన్నదే ఈ బిడ్డకూ వచ్చింది. భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంది. దానివల్ల వాళ్లకేమీ కాదు. ఇద్దరి నుంచీ అది బిడ్డకు చేరితే మాత్రం ఇలా అవుతుంది. "ప్రతి కాన్పుకూ ఇట్లే అవుతుందని కాదు. మేనరికం చేసుకున్న వాళ్లందరికీ అవుతుందనీ కాదు. కానీ ఒకే రక్తమైనప్పుడు ఆ లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. మీ ఇద్దరిలో ఉంది."

"గ్రహణం వల్ల కాదా మేడం?" అని అడిగింది చంద్రిక.

"గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా. నువ్వు చేసిన తప్పేదీ లేదు."

ఏడేళ్ల బరువు అలా ఒక్క మాటతో దిగిపోయింది. అయితే ఆ నిమిషంలోనే దానికంటే పెద్ద బరువు వచ్చి మీద పడింది. డాక్టరు ఇంకా చెబుతోంది. ఇలాంటప్పుడు గర్భం తీయించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, ఇంకో డాక్టరు కూడా చూసి సరేనంటే చాలు. ఉంచుకోవాలనుకుంటే ఉంచుకోవచ్చు. ఆలస్యం చేయకుండా ఆలోచించుకొని రావాలి. "ఏది చేసినా నేను నిన్ను తప్పుపట్టనమ్మా. కానీ నిర్ణయం నీదిగా ఉండాల. మీ ఇంటివాళ్లది కాదు."

దంపతులిద్దరూ రైల్లో తిరిగి వచ్చారు. కిటికీ బయట వాన లేక ఎండిపోయిన వేరుశెనగ చేలు. చంద్రిక కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. లోపల బిడ్డ కదిలింది. అంతకు ముందు కదిలినట్టే కదిలింది.

నిర్ణయం నీదని డాక్టరు అంది గానీ ఇంటికి చేరాక ఆ నిర్ణయం అందరిదీ అయింది. తీయించడమే మేలన్నాడు చంద్రమోహన్.

"కదిలే బిడ్డను తీయించేదా?" హనుమంతమ్మ గుండెలు బాదుకుంది. "ఏమప్పా మోహనా, నీ నోటికెట్లా వచ్చింది ఆ మాట? ప్రాణం పోసినోడు దేవుడు. తీసేదానికి మనమెవురం? సువర్ణను సాకలేదా? దీన్నీ సాకుతాం."

"అమ్మా, సాకడం అంటే ఏమో నీకు తెల్దా?" అన్నాడు చంద్రమోహన్. "ఈ పిల్ల ఫిట్స్ వచ్చి కొట్టుకుంటాంటే ఏమీ చేయలేక చూస్తా కూర్చోలేదా మనం? ఇంగొక బిడ్డను తెలిసి తెలిసీ ఆ బాధకు కంటామా? అది పాపం కాదా?"

"డాక్టరమ్మ చెప్పిందంతా నిజమైపోతుందా? మిషనుకు తప్పుగా కనపడి ఉంటే?"

"రెండు తూర్లు చూసినారమ్మా."

"అయితే నా పెంపకం తప్పనా? నేను చేసిన పెండ్లి తప్పనా? మా అమ్మను వాళ్ల మేనత్త కొడుక్కే ఇచ్చినారు. నన్ను మా మామకే ఇచ్చినారు. మాకెవురికీ రాలేదే!"

 తరతరాలుగా ఒకే ఇంట్లో తిరిగిన రక్తం ఏ కాన్పులో బయటపడుతుందో వాళ్లకు చెప్పగలిగినవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. హనుమంతమ్మ మూర్ఖురాలని అనుకోవద్దు. గర్భం తీయించడానికి ఒప్పుకుంటే, మనవరాలికి తాను చేసిన మేలే కీడని ఒప్పుకున్నట్టవుతుందని ఆ ముసలిప్రాణం భయపడింది.

చంద్రిక అంతసేపూ సువర్ణ తల ఒళ్లో పెట్టుకొని వింటూ కూర్చుంది. చంద్రమోహన్ ఆమె వైపు తిరిగాడు.

"నువ్వన్నా చెప్పు చంద్రికా. ఇట్లాంటిది ఇంగొకటి మనకు..."

"ఇట్లాంటిదంటే ఎట్లాంటిది మామా?" అంది ఆమె.

 సువర్ణ కళ్లు తల్లి గొంతు వైపు తిరిగి ఉన్నాయి. చంద్రమోహన్ లేచి మగ్గం గుంతలోకి దిగాడు గానీ ఆ పూట ఒక్క పోగూ నేయలేదు. భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు.

ఆ తర్వాతి రోజుల్లో చంద్రిక మనసులో జరిగిన వాదన బయటివాళ్ల వాదన కంటే కఠినమైనది. ఈ బిడ్డ వద్దనుకుంటే సువర్ణ కూడా పుట్టకుండా ఉండాల్సిందని అన్నట్టే కదా? ఏడేళ్లుగా ముద్దు పెట్టుకున్న ముఖం చూసి ఆ మాట ఎలా అంటుంది? కావాలనుకుంటే, రేపు ఆ బిడ్డ నొప్పితో అరిచిన ప్రతిసారీ తెలిసి కన్న తల్లిగా ఆ అరుపుకు ఏం జవాబు చెబుతుంది? ఒకనాడు సువర్ణ అరచెయ్యి తీసి తన కడుపు మీద పెట్టుకుంది. లోపలి బిడ్డ తన్నింది. సువర్ణ ముఖంలో ఏదన్నా కనిపిస్తుందేమోనని చాలాసేపు చూసింది. ఏమీ కనిపించలేదు. ఆమె వెతికిన సంకేతం ఏ వైపు నుంచీ రాలేదు.

సోమందేపల్లె నుంచి తల్లి రామలక్ష్మమ్మ ఫోను చేసింది. ఆమెకు భర్త లేడు. కష్టమొచ్చినా సుఖమొచ్చినా పుట్టిల్లే దిక్కు. "మీ అవ్వ చెప్పినట్టు ఇనుమ్మా. ఆమెను నొప్పించొద్దు," అంది. ఆ వెంటనే, "మీ మామ చెప్పేదాంట్లో కూడా న్యాయం ఉండాదిలే," అంది. ఆఖరికి ఏడ్చి ఫోను పెట్టేసింది.

"అమ్మా, నేను పోయినాక సువర్ణను ఎవరు చూస్తారు?" అని చంద్రిక అడగాలనుకున్న మాట ఆ ఏడుపులో అడగనేలేదు.

కడుపులో బిడ్డను ఉంచాలా వద్దా అన్నదానికి జవాబు ఒక మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు దొరికింది. చంద్రిక సువర్ణకు ముద్ద పెడుతుండగా ఫిట్స్ వచ్చాయి. నోట్లోని అన్నం గొంతుకు అడ్డంపడింది. అంతకు ముందైతే చంద్రిక పిల్లను ఒక్క ఊపుతో లేపి బోర్లా పట్టుకొని వీపు మీద తట్టేది. ఇప్పుడు కడుపు అడ్డం వచ్చింది. సువర్ణ బరువెక్కింది. ఎత్తబోయి ఆమె పక్కకు ఒరిగిపోయింది. హనుమంతమ్మ కేకలు పెట్టింది గానీ ఆమె చేతుల్లో బలం లేదు. సువర్ణ పెదాలు నల్లబడుతున్నాయి. చంద్రమోహన్ మగ్గం గుంతలోంచి ఎగిరి వచ్చి పిల్లను అందుకున్నాడు. మెతుకులు బయటపడ్డాయి. సువర్ణ ఊపిరి తీసింది. ఏడ్చింది.

ఆ ఇంట్లో సువర్ణ ఏడుపు విని అందరూ సంతోషించడం అదే మొదలు.

చంద్రిక చాలాసేపు గోడకు ఆనుకొని కూర్చుంది. తర్వాత అంది. "పోదాం మామా. ఆస్పత్రికి పోదాం."

"చంద్రికా!" అంది హనుమంతమ్మ.

"అవ్వా, అది పుణ్యమని పోవడంలేదు. పాపం కాదని కూడా నేను చెప్పను. నాకుండేవి రెండు చేతులే. ఆ రెండూ సువర్ణకే చాలడంలేదు. ఇంగొక బిడ్డకు యాడ నుంచి తెచ్చేది?"

హనుమంతమ్మ లేచి తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

గర్భం తీయించుకోవడమంటే నిద్రపోయి లేవడంలాంటిదని చంద్రిక అనుకుంది. అది ఐదు నెలలు దాటిన గర్భం. మందులిచ్చి నొప్పులు తెప్పించారు. సువర్ణను కన్నప్పుడు పడిన నొప్పులే పడింది. పక్క గదిలో ఎవరికో కాన్పయి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తన దగ్గర మాత్రం ఏ ఏడుపూ లేదు.

"చూస్తావా అమ్మా?" అని అడిగింది నర్సు.

"వద్దు," అన్నాడు చంద్రమోహన్, ఆమె చూసి తట్టుకోలేదని.

"చూస్తా," అంది చంద్రిక.

ఆడబిడ్డ. అరచేతిలో పట్టేంత. కనుబొమలు అప్పుడే వచ్చాయి, పలచగా, సువర్ణ కనుబొమల్లాగే. చంద్రిక వేలి కొనతో వాటిని తాకి చెయ్యి వెనక్కు తీసుకుంది. చంద్రమోహన్ ఆ బిడ్డను తెల్లగుడ్డలో చుట్టుకొని ధర్మవరం తీసుకుపోయి, చిత్రావతి ఏటి పక్కన పూడ్చి వచ్చాడు. నీళ్లు లేని ఏరు. ఆ చోటు ఎక్కడో అతను ఎవరికీ చెప్పలేదు. చంద్రిక కూడా అడగలేదు.

ఇంటికి వచ్చాక పాలు పడ్డాయి. డాక్టరు మాత్రలిచ్చింది, అయినా రెండు రోజులు పడ్డాయి. రవికె తడిసిపోయేది. స్నానాల గదిలో నిలబడి పిండుకునేది. లోపలికి పోయిన మనిషి ఎంతసేపటికీ రాకపోతే చంద్రమోహన్ బయట నిలబడి, "చంద్రికా..." అని పిలిచేవాడు. 

ఆ ఇంటికి ఇంకో చిక్కు వచ్చింది. బిడ్డ పుడితే పురుడు పాటించాలి, మనిషి పోతే సూతకం పాటించాలి. ఇది ఏది? హనుమంతమ్మ కులపెద్దల దగ్గరకు పోయి అడిగింది. ఒకాయన పురుడు లేదన్నాడు, ప్రాణంతో పుట్టలేదు గనుక. ఇంకొకాయన సూతకమూ లేదన్నాడు, పేరు పెట్టని బిడ్డ గనుక. ఏదీ అక్కర్లేదు, దీపం పెట్టుకోవచ్చని తేల్చారు. హనుమంతమ్మ ఇంటికి వచ్చి దేవుని ముందు దీపం పెట్టింది. చంద్రిక ఆ దీపం వైపు చూసి, "అయితే ఏమీ జరగలేదా అవ్వా?" అంది. హనుమంతమ్మ వత్తి ఎగదోసింది. పాపమని ఆ ఇంట్లో ఎంతోమంది మాట్లాడారు. పోయిన ఆ బిడ్డ కోసం ఒక్క పూట కూడా ఎవరూ ఆమెను ఏడవనివ్వలేదు.

వీధిలో మాటలు మారాయి. కడుపులో బిడ్డను తీయించుకున్నదంట అని కొందరు, ఆ బరువు ఎవరు మోస్తారమ్మా, మంచి పనే చేసిందిలే అని కొందరు. నిందించినవాళ్లూ, మెచ్చుకున్నవాళ్లూ ఆమె ముందుకు వచ్చేసరికి ఒకేలా చూపు తిప్పుకున్నారు.

ఏడాది తిరగలేదు. రామలక్ష్మమ్మ పుట్టింటికి వచ్చింది. తల్లీ కూతురూ లోపల చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత చంద్రికను పిలిచారు.

"మీ చెల్లెలు ఈశ్వరిని మన రాజేంద్రకు చేసుకుందామనుకుంటాండాం," అంది హనుమంతమ్మ. రాజేంద్ర ఆమె చిన్నకొడుకు, చంద్రమోహన్ తమ్ముడు. పట్టుచీరల అంగట్లో పనిచేస్తాడు. మంచివాడు, ఏ చెడు అలవాటూ లేదు. చంద్రిక చెల్లెలు చౌడేశ్వరిని ఇంట్లో అందరూ ఈశ్వరి అంటారు. డిగ్రీ ఆఖరు ఏడాది చదువుతోంది.

చంద్రిక తల్లి వైపు తిరిగింది.

"నీ కోసమే తల్లీ," అంది రామలక్ష్మమ్మ ఆమె చెయ్యి పట్టుకొని. "సువర్ణ పెద్దదవుతాంది. నీ ఒక్కదాని వల్ల కాదు. బయట నుంచి వచ్చిన కోడలు ఈ పిల్ల గుడ్డలు ఉతుకుతుందా? అన్నం పెడుతుందా? సొంత చెల్లెలైతే చూస్తుంది. నువ్వు లేకపోయినా చూస్తుంది."

తాను పోయాక సువర్ణను ఎవరు చూస్తారని ఆమె లోలోపల అడుగుతూ వచ్చిన ప్రశ్నకు జవాబు ఇన్నాళ్లకు వచ్చింది. ఆ జవాబు వింటున్నప్పుడు ఆమె మనసులో ఒక మూల ఆశ లేచిన మాట నిజం. ఆ ఆశను చూసి ఆమెకే భయం వేసింది.

"వద్దమ్మా," అంది. "డాక్టరమ్మ ఏం చెప్పిందో మామను అడుగు. నాలో ఉండే లోపం దానిలో కూడా ఉండొచ్చు. మామలో ఉండేది రాజేంద్ర మామలో ఉండొచ్చు. మల్లా ఇదే జరుగుతుంది."

"అందరికీ జరగదని కూడా చెప్పింది కదా!" అంది హనుమంతమ్మ.

"అయితే పరీక్ష చేయిస్తాం. బెంగళూరులో చేస్తారంట. ఇద్దరికీ చేయించి, లేదంటే అప్పుడు చేయండి పెండ్లి. నేనే ముందుండి చేస్తా."

ఈ మాటకు చంద్రమోహన్ ఒప్పుకున్నాడు. రాజేంద్ర ఒప్పుకోలేదు. "పరీక్షకు పోయినానని తెలిస్తే వీధంతా నాకేదో రోగముండాదంటారు వదినా. నేనేమన్నా తప్పు చేసినానా?" అన్నాడు. రామలక్ష్మమ్మ అయితే భయపడిపోయింది. "ఉండాదని తేలితే ఈశ్వరి బతుకేం కావాల? ఈ సంబంధమూ పోతుంది, బయటి సంబంధమూ రాదు. తెలుసుకోకుండా ఉంటేనే మేలు."

తెలుసుకోకుండా ఉంటేనే మేలు! మన ఇళ్లలో ఎన్ని కీడులు ఈ మాట చాటున బతుకుతున్నాయో ఎవరు లెక్కపెట్టగలరు?

చంద్రిక ఆఖరికి చెల్లెలినే అడిగింది. బొంత మీద సువర్ణ పక్కన పడుకొని ఆ పిల్ల జుట్టు సవరిస్తోంది ఈశ్వరి.

"నువ్వు వద్దను ఈశ్వరీ. నువ్వంటే వింటారు."

"ఎందుకనాలక్కా? రాజా మామ మంచోడు. నాకు ఇష్టమే." ఈశ్వరి తల ఎత్తలేదు. "ఇష్టం లేకపోయినా వస్తా. నువ్వు ఎట్లా అయిపోయినావో చూసుకున్నావా? నిన్ను ఇట్లా ఇడిచిపెట్టి నేను యాడికో పోయి సుఖంగా ఉంటానా?"

"నా కోసం వస్తే నేను బతకను."

"వస్తేనే బతుకుతావు," అంది ఈశ్వరి.

పెండ్లి జరిగింది. వచ్చినవాళ్లంతా అక్కాచెల్లెళ్లు తోడికోడళ్లయినందుకు సంతోషించారు. కొత్త కోడలు ఇల్లు చేరిన మర్నాడే చెంగు నడుముకు చుట్టి సువర్ణ గుడ్డలు ఉతికింది. చంద్రికకు ఏళ్ల తర్వాత మధ్యాహ్నం కాసేపు నడుము వాల్చే వీలు దొరికింది. కళ్లు మూసుకునేది గానీ నిద్ర పట్టేది కాదు.

కొన్ని నెలలకు ఈశ్వరి నెల తప్పింది. ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. హనుమంతమ్మ సంతోషంగా కేక పెట్టబోయి పెదాలు బిగించుకుంది. మూడో నెలలో అక్కాచెల్లెళ్లు ఇద్దరే అనంతపురం వెళ్లారు. డాక్టర్ షాహిస్తా చంద్రికను గుర్తుపట్టింది. పక్కనున్న పిల్ల ఎవరని అడిగి, చెప్పింది విని కుర్చీలో వెనక్కు ఆనుకుంది.

"మీ ఆయన తమ్ముడా?"

"ఊ," అంది చంద్రిక.

"పెండ్లికి ముందు పరీక్ష చేయించలేదా?"

ఇద్దరూ తలలు వంచుకున్నారు.

డాక్టరుకు కోపం రాలేదు. వచ్చి ఉంటే వాళ్లకు కొంచెం తేలికగా ఉండేది. "ఆ పరీక్ష ఇప్పుడైనా చేయించుకోవచ్చు, మీ ఆయన ఒప్పుకుంటే," అంది. రాజేంద్ర ఒప్పుకోడని ఈశ్వరికి తెలుసు. "నా దగ్గరకు వచ్చే ప్రతి ఇల్లూ ఒకటే అడుగుతుంది, తీయడం పాపమా, ఉంచడం పాపమా అని. నేను డాక్టర్ని. పాపపుణ్యాలు తూచేదాన్ని కాను. ఏ నిర్ణయమైనా తల్లి సగం ప్రాణం తీసుకొనే పోతుందని మాత్రం చూసినాను. స్కానింగ్‌లో ఈ నెలకు తల సంగతి తెలీదమ్మా. ఐదో నెలలో రండి."

వాళ్లు ఇంటికి వచ్చేసరికి హనుమంతమ్మ గడపలోనే కూర్చొని ఉంది. మగ్గం ఆగింది. చంద్రమోహన్, రాజేంద్ర ఇద్దరూ వాళ్ల ముఖాలకేసి చూశారు.

"ఏమన్నారు?"

"ఐదో నెలకు గానీ తెలీదంట," అంది చంద్రిక.

ఈశ్వరి చీర చెంగుతో ముఖం తుడుచుకొని నవ్వబోయింది. "ఏం కాదులే అవ్వా," అంది. "ఒకవేళ అట్లయితే... అక్కా, నువ్వు నా పక్కనే ఉంటావు కదా? నేను ఏం చేయాలో నువ్వే చెప్పల్ల."

చంద్రిక చెల్లెలి చెయ్యి పట్టుకుంది.  తాను చేసింది సరైనదో కాదో ఈనాటికీ ఆమెకు తెలియదు. తెలియని దాన్ని ఇంకొకరికి ఎలా చెబుతుంది?

హనుమంతమ్మ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. ఇద్దరూ తన కూతురి బిడ్డలు. ఇద్దరినీ తానే ఎత్తుకొని పెంచింది. ఇద్దరినీ తానే తెచ్చుకుంది. ఆ చూపులో ఉన్నట్టుండి ఏదో తెగింది. గడప మీదే తల కొట్టుకోబోతే చంద్రమోహన్ వచ్చి పట్టుకున్నాడు.

"నన్ను పట్టుకోవద్దురా," అంది. "ఆ పొద్దు ఈ పిల్ల బిడ్డను తీయించుకుంటానంటే పాపమని అరిచినాను. తలుపేసుకున్నాను. నెలల తరబడి దీని ముఖం సరిగ్గా చూడలేదు. పాపం చేసింది అదని అనుకున్నాను. ఆడపిల్లను బయటోళ్లకిస్తే కొడతారో తిడతారో అని, మన ఇంట్లోనే ఉంటే కన్నీళ్లు రావని తెచ్చి పెట్టుకున్నాను. ఇంతకంటే ఏడిపించినోళ్లు బయట ఎవురైనా ఉంటారా? చెప్పినారు కదరా మనకు! డాక్టరమ్మ చెప్పింది, ఇది చెప్పింది. ఇని కూడా రెండోదాన్ని తెచ్చినాను."

"ఇప్పుడు ఆ మాటలెందుకు లేమ్మా," అన్నాడు రాజేంద్ర మెల్లగా. "అయిపోయింది కదా."

"అయిపోయిందిరా. అందుకే చెప్తాండా." హనుమంతమ్మ పెద్దకొడుకు చేతులు విడిపించుకుంది. "బిడ్డను ఉంచాల్నా తీయాల్నా అని కడుపుతో ఉండే పిల్లను నిలబెట్టి అడగతాండాం. దాని కడుపు మీదికి పాపాన్నీ పుణ్యాన్నీ తెచ్చి పెడతాండాం. అది ఏం చెప్పినా సచ్చేది అదే. ఆ ప్రశ్న పెండ్లికి ముందే పెద్దోళ్లం మనల్ని మనం అడుక్కోవాల్సింది."